ఒక పన్ను ఎడమకి

పోయిన సంక్రాంతికి నాన్నకి ఒక స్టీరింగ్ తీసుకెళ్ళాను. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో, ఒళ్ళో పెట్టుకుని. పక్క సీటాయన అట్టపెట్టె చూసి "కేకా అండీ?" అని అడిగాడు. ఔనన్నాను. పాత అంబాసిడర్‌కి కొత్త స్టీరింగ్ ఎందుకో అర్ధరాత్రి పూట ఒక కొత్త మనిషికి వివరించే ఓపిక లేకపోయింది. ఆ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదని నాకు తెలిసింది ఆ తర్వాత మూడు నెలలకి.

మాది గుండుగొలను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో, భీమడోలు మండలంలో ఉంటుంది. హైవే మీద పోయేవాళ్ళకి మా ఊరిప్పుడు ఒక చీలిక మాత్రమే. ఒక రోడ్డు దేవరపల్లి మీదుగా కొవ్వూరుకి, కొత్తది. ఇంకొకటి తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా రావులపాలెం వైపు, పాతది. ఈ రెండూ కాకుండా దక్షిణానికి దిగితే కొల్లేరు. నాన్న జీవితంలో ఎక్కువ కిలోమీటర్లు తిరిగింది ఆ మూడో దిక్కుకే.

నాన్న డ్రైవరు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉన్న ఒక షావుకారు గారి దగ్గర చాలా ఏళ్ళు పనిచేశారు. షావుకారు గారికి కొల్లేట్లో చేపల చెరువులు కూడా ఉండేవి. మార్క్ 4 అంబాసిడర్, డీజిల్, హ్యాండ్ గేరు. వారంలో మూడు రోజులు ఆ కారు ఆగడాలలంక వైపు చెరువు గట్ల మీదే ఉండేది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించినప్పుడు షావుకారు గారి చెరువులూ పోయాయి. ఆ ఏడే ఆయన ఆ కారుని నాన్నకి ఇచ్చేశారు, రావాల్సిన కొన్ని నెలల జీతం కింద. అన్నేళ్ళూ తను తోలిన బండికే నాన్న ఓనరయ్యారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి, ఏలూరు ఆసుపత్రులకి, అప్పుడప్పుడూ ఊరికే భీమడోలు దాకా టీకి.

నా ఇంజనీరింగ్ ఫీజుల్లో కొంత ఆ కారు కట్టింది. ఉద్యోగం వచ్చి పదేళ్ళు దాటాక, దానికి తిరిగి ఏదైనా చేయాలనిపించింది. పెయింటు వేయించాను. సీట్లు కుట్టించాను. మిగిలింది స్టీరింగ్. దాని నల్ల ప్లాస్టిక్ అంచు నిండా పగుళ్ళు. ఊచలు కలిసే చోట పగులు విచ్చుకుని లోపలి ఇనుము కనిపించేది. పైగా అది చాలా పెద్దది. టేపు పెడితే 16 అంగుళాల పైనే ఉంది.

అదే సమయంలో నాకు పాత కార్ల వీడియోలు చూసే జబ్బు పట్టుకుంది. చూసిన ప్రతి ముద్దొచ్చే కారులోనూ ఒకటే రకం స్టీరింగ్: చిన్నది, చెక్క అంచు, మెరిసే అల్యూమినియం ఊచలు. ఇటలీలో ఎన్రికో నార్డి పేరు మీద 1950ల నుంచీ ప్రసిద్ధి చెందిన తరహా అది. నేను కొన్నది దానికి ఎవరో చేసిన నకలు. 350 మిల్లీమీటర్ల వ్యాసం, అంటే 14 అంగుళాలకి కాస్త తక్కువ.

కొనడం తేలిక. బిగించడమే కష్టం. ఇలాంటి స్టీరింగులకి వెనక ఆరు బోల్టుల రంధ్రాలుంటాయి. మోమో వాళ్ళ పద్ధతిలో అయితే 70 మిల్లీమీటర్ల వలయం మీద, నార్డి పద్ధతిలో అయితే 74 మీద. కారు లోపలి కడ్డీకి మాత్రం చుట్టూ సన్నటి పళ్ళుంటాయి, ఆ పళ్ళ మీద కూర్చునేలా హబ్ ఉండాలి. ఈ రెండింటినీ కలిపే ముక్కని బాస్ కిట్ అంటారు. మారుతీలకి ఆన్‌లైన్లో దొరుకుతుంది. అంబాసిడర్‌కి నాకు ఎక్కడా దొరకలేదు.

డిసెంబర్లో ఏలూరులో ఒక లేత్ షాపుకి వెళ్ళాను. ఆయన స్క్రాపులోంచి ఒక అంబాసిడర్ స్టీరింగ్ తెప్పించి, ఊచలు కోసేసి, నడిమి హబ్ మాత్రం ఉంచి, దాని చుట్టూ దళసరి ఇనప బిళ్ళ వెల్డింగ్ చేసి, లేత్ మీద ముఖం చదును చేసి, ఆరు రంధ్రాలు వేసిచ్చాడు. పని మొదలుపెట్టే ముందు ఒక్కటే ప్రశ్న వేశాడు.

"ఎవరు తోలతారండి?"

"మా నాన్నగారు."

"ఓసారి తీసుకురండి మరి. సీట్లో కూచోబెట్టి చూస్తే హబ్ ఎంత పొడుగు రావాలో తెలుస్తదండి."

"సర్‌ప్రైజ్ అండీ," అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

భోగి మర్నాడు, సంక్రాంతి రోజున, వాకిట్లో ముగ్గు తొక్కకుండా కారు షెడ్డులోంచి తీశాం. నాన్న పెట్టె తెరిచి చూసి, చెక్క అంచు మీద వేలితో రాసి, "కర్రేనా!" అన్నారు. సంతోషపడ్డారనే అనుకున్నాను.

పాతది ఊడదీయడం నాన్నే చెప్పారు. ముందు చక్రాలు తిన్నగా పెట్టుకోవాలి. బ్యాటరీ తీగ పీకాలి. హారన్ బటన్ తీస్తే లోపల పెద్ద నట్టు కనిపిస్తుంది. నట్టు వదులు చేయాలి కానీ మొత్తం తీసేయకూడదు, నాలుగు మరలు ఉంచాలి. ఏళ్ళ తరబడి పట్టేసిన స్టీరింగ్ లాగేటప్పుడు ఒక్కసారిగా ఊడొస్తే మూతి పగులుతుంది. "ఇద్దర్ని చూశానురా, పళ్ళు రాలినోళ్ళని."

తీసే ముందు ఇంకో మాట అన్నారు. "చాక్‌పీసుతో గీత పెట్టుకో, కడ్డీకీ హబ్‌కీ."

చూశాను. చక్రాలు తిన్నగా ఉన్నాయి, స్టీరింగ్ మాత్రం కొంచెం ఎడమకి వాలి ఉంది. "ఎలాగూ వంకరగా ఉంది కదా నాన్నా, కొత్తది సరిగ్గా పెడతాలే," అన్నాను. నాన్న చాక్‌పీసు జేబులో వేసుకున్నారు.

గంటన్నరలో అయిపోయింది. కారు ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఫోటోలు తీశాను, పెట్టాను, లైకులొచ్చాయి. నాన్న జంక్షన్ దాకా తీసుకెళ్ళి వచ్చారు. తిరిగి షెడ్డులోకి రివర్స్ చేసేటప్పుడు రెండుసార్లు ఆగారు. దిగి, "బాగుందిరా. కారుకి వయసు తగ్గింది," అని తాళాలు నా చేతిలో పెట్టారు. నేనా మాటని మెచ్చుకోలుగా తీసుకున్నాను. నెల్లాళ్ళు దాన్నే అందరికీ చెప్పుకున్నాను.

ఏప్రిల్లో అమ్మ ఫోన్లో మాటల మధ్యలో చెప్పింది. "మీ నాన్న పెళ్ళికి ఆటోలో వెళ్ళొచ్చారు." కారు ఏమైంది అన్నాను. "ఏమీ అవలేదు. షెడ్డులో ఉంది." ఎప్పట్నుంచి? అమ్మ కాసేపు ఊరుకుంది. "నువ్వెళ్ళిన కాడ్నించీ."

నాన్నకి షుగరుంది. ఆరేళ్ళ కిందట ఎడమ భుజం పట్టేసింది. ఇది నాకు తెలియని విషయం కాదు. ఫోన్లో "భుజం ఎలా ఉంది?" అంటే "పర్లేదు, తగ్గింది" అనేవారు. ఆ సమాధానంతో నా బాధ్యత తీరిపోయేది.

ఆ రాత్రి ఆఫీసు లాప్‌టాప్ మూసి కాగితం మీద లెక్క వేశాను. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం మెకానిక్స్, మొదటి యూనిట్. తిప్పే శక్తి అంటే బలాన్ని దూరంతో గుణించడం. చక్రాలు తిరగడానికి కడ్డీకి కావలసిన తిప్పుడు శక్తి మారదు. స్టీరింగ్ వ్యాసం 16 అంగుళాలైతే చెయ్యి కేంద్రానికి 8 అంగుళాల దూరంలో ఉంటుంది. 14 అయితే 7. అదే పనికి ఇప్పుడు ఏడో వంతు ఎక్కువ బలం పెట్టాలి. పది కిలోలు పెట్టేచోట దాదాపు పదకొండున్నర. హైవే మీద ఇది తెలియదు, బండి కదులుతుంటే చక్రం తేలిగ్గానే తిరుగుతుంది. కానీ నిలబడిన బండిని తిప్పేటప్పుడు, గట్టు మీద ముందుకీ వెనక్కీ చేసేటప్పుడు, షెడ్డులోకి రివర్స్ చేసేటప్పుడు ప్రతిసారీ తెలుస్తుంది. ముందున్నది బరువైన డీజిల్ ఇంజిన్. పవర్ స్టీరింగ్ లేదు.

అంబాసిడర్ మూలం ఇంగ్లండ్ వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. 1950ల బండి. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా ఆ ఒడ్డూ పొడుగుతోనే తయారైంది. దాని స్టీరింగ్ పెద్దగా ఉన్నది పాతకాలపు మోటుతనం వల్ల అనుకున్నాను. అది పవర్ స్టీరింగ్. మోటారు బదులు వ్యాసం.

ఇంకో సంగతి కూడా చూడలేదు. హబ్, బిళ్ళ, కొత్త స్టీరింగ్ లోతు అన్నీ కలిపి అంచుని నాన్న వైపు రెండంగుళాలు జరిపాయి. హ్యాండ్ గేరు ఎక్కడిదక్కడే ఉంది. ఇదివరకు అంచు మీంచి వేళ్ళు చాపితే అందే గేరుకి ఇప్పుడు చెయ్యి మొత్తం తీసి చాచాలి. గేరుండేది ఎడమ పక్క. భుజం పట్టేసిన పక్క.

అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది మాత్రం ఒక చరిత్ర ముక్క గుర్తొచ్చి. మోమో కంపెనీ ఎలా పుట్టిందో నేనే ఫ్రెండ్స్‌కి కథలా చెప్పేవాణ్ణి. జాన్‌పియేరో మొరెట్టి అనే ఇటలీ రేసరు 1960ల్లో తన కారుకి, తన చేతికి సరిపోయేలా, ఒక పనివాడి చేత స్టీరింగ్ చేయించుకున్నాడు. తోటి రేసర్లు చూసి మాకూ కావాలన్నారు. 1964లో ఫెరారీలో ప్రపంచ చాంపియన్ అయిన జాన్ సర్టీస్ కూడా వాళ్ళలో ఉన్నాడు. అంటే ఈ వ్యాపారం మొదలైందే ఒక మనిషి చేతుల కొలతతో. ఏలూరు లేత్ షాపాయన ఆ కథ విని ఉండడు, కానీ సరిగ్గా అదే ప్రశ్న అడిగాడు. కథ వచ్చిన నేను "సర్‌ప్రైజ్" అన్నాను.

మే మొదటి వారంలో వెళ్ళాను. పాత స్టీరింగ్ ఎక్కడ అంటే నాన్న అటక చూపించారు. పాత లుంగీలో చుట్టి ఉంది. పారేస్తారనుకున్న వస్తువుని ఎవరూ అలా చుట్టరు.

రెండు రోజులు దాని మీద కూర్చున్నాను. పగుళ్ళని ఆకురాయితో కాస్త విప్పి, తుప్పు గీకి, ఎం-సీల్ కలిపి కూరాను. ఆరాక నీటికాగితంతో రుద్దాను. ఎడమ పక్క అంచు లోపలివైపు చూస్తే ప్లాస్టిక్ అరిగి చిన్న పల్లంలా ఉంది. దాన్ని కూడా నింపబోయాను. నాన్న మంచం మీంచే అన్నారు, "అది వదిలెయ్."

మూడో రోజు బిగించాను. చక్రాలు తిన్నగా పెట్టి, ఊచలు సరిగ్గా అడ్డంగా ఉండేలా చూసి, పళ్ళ మీద కూర్చోబెట్టి, నట్టు బిగించబోతుంటే నాన్న లేచి వచ్చారు. స్పానర్ తీసుకున్నారు. స్టీరింగ్ పైకి లాగి, ఒక పన్ను ఎడమకి జరిపి, మళ్ళీ కూర్చోబెట్టారు.

"వంకరగా ఉంటుంది కదా?"

"ఎడం చెయ్యి పైకి లేవదు కదరా. ఊచ కాస్త కిందికుంటే దాని మీద ఆనుద్ది. భుజం పట్టేసిన ఏడే జరుపుకున్నా."

నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. పోయినేడాది ఒక పాత రచయిత కథల మీద రాస్తూ, వాక్యాలు ఒక పక్కకి వాలుతున్నాయనీ, ఎవరైనా ఎడిటర్ సరిచేసి ఉంటే బాగుండేదనీ అన్నాను. ఆ కథలు మళ్ళీ తీసి చదువుతున్నాను. నా మాట తప్పని ఇంకా అనిపించలేదు. కానీ గీత పెట్టుకోకుండా ఊడదీశానని మాత్రం తెలిసింది. ఆ వాలు ఎందుకుందో అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

సాయంత్రం నాన్న కారు తీశారు. నేను పక్క సీట్లో. ఆగడాలలంక రోడ్డు మీద ఎండ తగ్గింది, చెరువుల మీద కొంగలు. ఒకచోట ఎదురుగా చేపల లారీ వస్తే నాన్న గట్టు అంచుకి రివర్స్ చేశారు. అప్పుడు చూశాను ఆయన ఎలా తిప్పుతారో. చేతులతో కాదు. కుడి అరచెయ్యి పై అంచు మీద పెట్టి, మొత్తం ఒళ్ళు వాల్చుతారు. ఎడమ చెయ్యి ఊచ మీద ఊరికే ఉంటుంది, బొటనవేలు ఆ పల్లంలో. ముప్పై ఏళ్ళుగా ఆయన పక్కన కూర్చుంటున్నాను.

లారీ వెళ్ళిపోయాక ఆయనే అన్నారు, "ఆ కర్రది పారెయ్యకు. బోలెడు పోసి కొన్నావు."

పారేయలేదు. హైదరాబాద్‌లో నా డెస్కు పక్కన గోడకి తగిలించాను. చూడ్డానికి చాలా బాగుంటుంది.