వేయిస్తంభాల గుడి నీడలో పరీక్షనాటి ఉదయం

సికింద్రాబాదు నుంచి కాజీపేటకు పోయే రైలులో కిటికీ పక్కన కూర్చున్నవారికి భువనగిరి ఏకశిలా దుర్గం కనిపించక మానదు. 2025 మే 3వ తేదీ సాయంత్రం దానిని చూస్తున్నానన్న మాటే గాని, నా మనస్సంతా జనగామ స్టేషను మీదనే ఉన్నది. మా అక్కా, ఆమె కూతురూ అక్కడ అదే రైలెక్కవలసి ఉన్నది. మరునాడు ఆదివారం; వైద్యవిద్యలో ప్రవేశానికై దేశమంతటా ఒకేసారి జరిగే నీట్ పరీక్ష. మా మేనకోడలికి హనుమకొండలో కేంద్రం పడింది. క్రిందటి ఏడు సీటు రాలేదు. ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చుని చదివింది. ఇది రెండోసారి; మూడోసారికి ఆ ఇంటికి స్తోమత లేదు.

పిల్ల తెలుగు ప్రశ్నపత్రం కోరుకున్నది. ఈ పరీక్షను 13 భాషలలో రాయవచ్చు. తెలుగు పత్రంలో ప్రతి ప్రశ్న ఇంగ్లీషులోనూ ఉంటుంది. అనువాదంలో సందేహం తలెత్తితే ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని నిబంధన. అనువాదమే వృత్తిగా బతుకుతున్న నాకు ఆ వాక్యం ముల్లులా గుచ్చుకున్నది. నా అనువాదంలో పొరపాటు దొర్లితే పాఠకుడు విసుక్కుని పుట తిప్పుతాడు. ఇక్కడ సరైన జవాబుకు వచ్చే 4 మార్కులు రాకపోగా, తప్పు జవాబుకు మరొకటి పోతుంది. అందుకే సంచిలో ఒక పారిభాషిక పదకోశం వేసుకుని బయలుదేరాను.

లాడ్జిలో సామాను దించి, ఆ రాత్రే ఆటోలో వెళ్లి పరీక్షా కేంద్రం గేటు చూసివచ్చాము. దారి తెలిసింది, ఎంతసేపు పడుతుందో తెలిసింది. పిల్ల పెరుగన్నం తిని పదింటికే నిద్రపోయింది. నిద్ర పట్టనిది మా ఇద్దరికే.

తెల్లవారగానే వేయిస్తంభాల గుడికి నడిచాము. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయమది. శివునికి, విష్ణువుకు, సూర్యునికి మూడు గర్భాలయాలు. ఎండ ఇంకా ఎక్కలేదు. నల్లరాతి నంది దగ్గర చల్లని నేలమీద ముగ్గురమూ కూర్చున్నాము. ఇదే అదననుకుని పదకోశం బయటికి తీశాను. పిల్ల చూసి నవ్వింది.

"మామా, ఇయ్యాల కొత్తదేదీ చెప్పకు. నిన్నటిదాక చదివింది యాదికుంటే చాలు."

పుస్తకం మూశాను. పరీక్షనాటి ఉదయం జ్ఞానం సంపాదించే వేళ కాదు, సంపాదించినది చెదరకుండా మోసుకుపోయే వేళ. నిండుకుండ తొణకదంటారు గాని, మోసేవారు నెమ్మదిగా నడిస్తేనే తొణకదు. ఆమెను తొందరపెడుతున్నది నేనే.

అలవాటైన ఇడ్లీలే తిన్నది. పదకొండింటికి కాస్త అన్నం. హాల్ టికెట్టు, ఫొటో, ఆధార్ కార్డు, లోపలిది కనిపించే నీళ్ల సీసా: నాలుగూ తానే సర్దుకున్నది. కలం అక్కరలేదు, లోపల వారే ఇస్తారు. పొట్టిచేతుల చొక్కా, కాళ్లకు చెప్పులు. నగలు పనికిరావు. పుట్టినప్పటినుంచీ ఉన్న బిడ్డ కమ్మలను అక్క తీసి, కొంగున ముడివేసుకున్నది. ఒంటిగంటన్నరకు గేటు మూస్తారు. మేము పన్నెండింటికే అక్కడ ఉన్నాము. "పోయొస్త" అని ఒక్కమాట అని, వెనుదిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

రెండు నుంచి ఐదు వరకు 180 ప్రశ్నలు. బయట ఒక వేపచెట్టు కింద ఎందరో తల్లిదండ్రులు. ఎవరూ ఎవరినీ ఊరు పేరు తప్ప మరేమీ అడగలేదు. నీడ జరిగినప్పుడల్లా అందరమూ దానివెంట జరిగాము.

ఐదు దాటాక పిల్ల వచ్చింది. నేను ఆగలేకపోయాను. "తెలుగు ఎట్లున్నది తల్లీ?"

"ఒకకాడ సమజ్ కాలె మామా. ఇంగ్లీషు చూసిన, తెలిసింది. జీవశాస్త్రం ముందు చేసిన, భౌతికశాస్త్రం చివరకు పెట్టుకున్న. అన్నీ అనుకున్నట్టే చేసిన."

"ఎన్ని వస్తయి?"

"ఆకలైతుంది."

అక్క ఏమీ అడగలేదు. కొంగు ముడి విప్పి, అక్కడే నిలబెట్టి, ఒక్కొక్క కమ్మే బిడ్డ చెవులకు తిరిగి పెట్టింది.