సున్నా రాయడం తేలిక

మేము ముగ్గురం గల్ఫ్‌లో ఒక గ్యాస్ ప్లాంటు ఆఫీసులో గుమాస్తాలం. ఎండలో తిరిగేవాళ్ళు వేరు, మేము ఏసీలో కూర్చుని లెక్కలు ఎక్కించేవాళ్ళం. మా చేతిలో ఏముందిలే అనుకునేవాళ్ళం.

ప్లాంటులో వాల్వులకీ, ఫ్లాంజీలకీ, కంప్రెసర్ సీళ్ళకీ నెంబరు బిళ్ళలుంటాయి. టెక్నీషియన్ మీటరు గొట్టాన్ని అక్కడ పెట్టి, గ్యాస్ ఎంత కారుతోందో చూసి కాగితం మీద రాస్తాడు. మేము కంప్యూటర్లో ఎక్కిస్తాం. మాకు హద్దు 500 పీపీఎం. దాటితే బిగించాలి, లేదా ప్యాకింగ్ మార్చాలి. మళ్ళీ కొలిచి తగ్గిందని రాసేదాకా ఆ నెంబరు మూయకూడదు.

ఫ్లేరు నల్లగా పొగ కక్కితే అందరూ చూస్తారు. ఆవిరి కలిపి సర్దుతారు. వాల్వు సందులోంచి పోయేది మాత్రం కంటికి కనపడదు. అందులో ఎక్కువగా ఉండేది మీథేన్. 20 ఏళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కొన్నిచోట్ల కేన్సర్ తెచ్చే బెంజీన్ కూడా వస్తుంది. అబుదాబీ షా క్షేత్రంలో అయితే ముడి గ్యాస్‌లో సుమారు 23 శాతం హైడ్రోజన్ సల్ఫైడ్. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, ప్రాణం పోతుంది.

ఒక నెల 40 నెంబర్లకు కొలతలు రాలేదు. రిపోర్టు సాయంత్రానికి పోవాలి. "పోయిన నెలవే వేసేయండి, ఎవరు చూస్తారు?" అన్నారు పైవాళ్ళు. అన్నీ సున్నాలే. వేసేశాం. మరుసటి నెల కొలిస్తే అందులో ఒక వాల్వు హద్దుకు ఎన్నో రెట్లు కారుతోంది. దాని పక్కనే పది రోజులు మన కరీంనగర్ కుర్రాళ్ళు స్కాఫోల్డింగ్ పని చేసి వెళ్ళారు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

మాలో ఒకతనిది కోనసీమ. ఆ రాత్రి రూములో అన్నం ముట్టలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున వాళ్ళ వైపు నగరం గ్రామంలో గ్యాస్ పైపు లీకై, మంటలు లేచి 20 మందికి పైగా చనిపోయారు. "అక్కడా ఎవడో ఒకడు అంతా బాగుందని రాసే ఉంటాడురా" అన్నాడు. మేము మాట్లాడలేకపోయాం.

అప్పటినుంచి కొలత రాకపోతే "కొలవలేదు" అనే ఎక్కిస్తున్నాం. మొదట్లో తిట్లు తిన్నాం. వీసా వాళ్ళ చేతిలో ఉంది కదా, భయం లేదని చెప్పం. కానీ రిపోర్టులో ఆ మాట కనపడేసరికి పైనుంచి అడగడం మొదలైంది, టెక్నీషియన్లను పంపడమూ మొదలైంది. మనలో ఇలాంటి పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. తెలియని చోట సున్నా మాత్రం వేయకండి.