నీటిని విడదీసిన డబ్బా

నీరు మూలపదార్థము కాదనియు, ఉదజని ఆమ్లజని యను రెండు వాయువుల సంయోగమనియు మన పాఠశాలలో పై తరగతుల బాలుడెవ్వడైనను తడుముకొనక చెప్పగలడు. చెప్పుట వేరు, కన్నులార చూచుట వేరు. గడచిన సంవత్సరము విజ్ఞాన ప్రదర్శనమునకు ఏమి చేయుదమని నా తరగతివారు అడిగినప్పుడు, ఇంట దొరకు వస్తువులతోనే నీటిని విడదీయుదమని చెప్పితిని. ఆ పనిలో జరిగిన సంగతులు కొన్ని తలిదండ్రులకును వినదగియుండునని తోచి వ్రాయుచున్నాను.

ఇది క్రొత్త విద్య కాదు. 1800వ సంవత్సరమున ఇటలీదేశపు వోల్టా పండితుడు తాను కనిపెట్టిన విద్యుద్ఘటమాలను గూర్చి లండనునకు ఉత్తరము వ్రాసెను. ఆ వార్త చెవినిబడిన కొలది వారములకే నికల్సన్, కార్లైల్ అను నిద్దరు అట్టి ఘటమాలను కూర్చుకొని, దాని తీగలను నీట ముంచి, బుడగలు వెడలుట చూచిరి. వారు వాడినవి వెండినాణెములు, తుత్తునాగపు బిళ్లలు, ఉప్పునీట తడిపిన అట్టముక్కలు. ఈ మాట వినగానే మా పిల్లలకు ధైర్యము వచ్చినది.

ఒక వెడల్పుమూతి ప్లాస్టిక్ డబ్బా అడుగున రెండు రంధ్రములు చేసి, టార్చిలైటు సెల్లులలోని బొగ్గుకడ్డీలను రబ్బరుబిరడాలకు గ్రుచ్చి వానియందు బిగించితిమి. (ఆ కడ్డీలను నేనే తీసియిచ్చితిని. సెల్లులను పగులగొట్టుట పిల్లలకు తగిన పని కాదు.) శుద్ధజలము విద్యుత్తును దాదాపు పోనీయదు గనుక నీటిలో రెండు చెంచాల చాకలిసోడా కలిపితిమి. కొలతగీతలు గల రెండు నాళికలను ఆ నీటితోనే నింపి కడ్డీలపై బోర్లించి, ఒకటిన్నర వోల్టుల సెల్లులు నాలుగింటిని వరుసగా కలిపితిమి. తీగ తగిలించినంతనే ఋణధ్రువమునుండి సన్నని బుడగలు పాలనురుగువలె లేచెను. తరగతియంతయు బల్లచుట్టు మూగినది.

లెక్క ప్రకారము ఒక ఆంపియరు ప్రవాహము ఒక నిమిషము నడచిన సుమారు 7 మిల్లీలీటర్ల ఉదజని రావలెను. మాకు వచ్చినది అందు పదవ వంతు ప్రవాహమే గనుక అరగంట కాచుకొంటిమి. ఉదజని 20 మిల్లీలీటర్లు నిండెను. పుస్తకము చెప్పునట్లు ఆమ్లజని అందు సగము, అనగా 10 ఉండవలెను. ఉన్నది 6.

నోటుపుస్తకము పట్టుకొన్న బాలిక వ్రాయక నిలిచిపోయెను. ప్రక్కనున్న బాలుడు, "పది అని వేసేయవే, పుస్తకంలో అంతేగా ఉంది" అనెను. ప్రదర్శనమునకు మూడు దినములే యున్నవి. న్యాయనిర్ణేతలు నాళికలు కొలువబోరు, పట్టిక మాత్రము చూతురు. బాలిక నావైపు చూచినది. నేనేమియు అనలేదు. "గొట్టంలో ఆరే ఉంది" అని ఆమె ఆరే వ్రాసెను. పిమ్మట, "మేష్టారూ, మిగతా నాలుగూ ఏమయ్యాయండీ?" అని యడిగెను. ఆ ప్రశ్నయే మాకు తరువాతి రెండు దినముల పాఠమైనది.

ఆమ్లజని నీటిలో ఉదజనికంటె నెక్కువగా కరుగును. కావున మరునాడు యంత్రమును ముందుగా అరగంట నడిపించి, నీరు వాయువుతో తృప్తి చెందిన పిమ్మట నాళికలను మరల ఆ నీటితోనే నింపి కొలిచితిమి. ఈసారి 8 వచ్చెను. తక్కిన రెండింటి జాడ డబ్బా అడుగున దొరికినది. ధనధ్రువము క్రింద నల్లని పొడి పేరుకొనియుండెను. ఆమ్లజనిలో కొంత బొగ్గుకడ్డీనే తినివేయుచున్నది. అట్లు పుట్టిన బొగ్గుపులుసు వాయువును చాకలిసోడా నీరు పీల్చుకొనును గనుక అది నాళికలోనికి చేరదు. దొంగ దొరకకున్నను ఇల్లు తిన్న గురుతు దొరికినదని ఒక పిల్లవాడు నవ్వించెను.

తలిదండ్రులకు ఇచ్చట ఒక మనవి. ఈ పని చూచి మురిసిన మరియొక బాలుడు ఇంట చాకలిసోడాకు బదులు ఉప్పు వేసి, తలుపులు మూసి కూర్చుండెను. గదినిండ బ్లీచింగుపౌడరు వాసన, వెంట దగ్గు. ఉప్పునీటినుండి ధనధ్రువమున వెడలునది క్లోరిను, అది ఊపిరితిత్తులను కాల్చు విషవాయువు. వాని తల్లి వెంటనే కిటికీలు తెరచుటచే గండము గడచినది. గోడలోని విద్యుత్తును ఈ పనికి ఎన్నడును తాకనీయకుడు. అది ప్రాణము తీయునదే గాక, దిక్కులు మార్చుకొను ప్రవాహమగుటచే రెండు వాయువులను ఒకే నాళికలో కలిపివేయును. గాలిలో నూటికి 4 మొదలు 75 పాళ్లవరకు ఉదజని కలిసినచో నిప్పురవ్వ చాలును. చిన్న నాళికెడు ఉదజనికి పుల్ల చూపిన "టప్పు" మనును, పిల్లలు చప్పట్లు కొట్టుదురు. సీసానిండ పట్టి చూపినచో చప్పట్లకు చేతులు మిగులవు.

నీటితో మోటారుసైకిలు నడపవచ్చునా యని అడుగనివారు లేరు. ఉదజని మండి మరల నీరే యగును. విడదీయుటకు మనమిచ్చిన శక్తికంటె నెక్కువ అది తిరిగి యియ్యజాలదు. ఒక కిలో ఉదజనిని తీయుటకు నేటి మంచి యంత్రములకును సుమారు 50 యూనిట్ల కరెంటు కావలెను. ఎండనుండియు గాలినుండియు ఆ కరెంటును తీసి ఉదజనిని చేయవలెనని మన కేంద్రప్రభుత్వము 2023వ సంవత్సరమున ఒక పథకమును ఆమోదించినది. మా డబ్బాలోని పనియే అచ్చటను జరుగును, డబ్బా మాత్రము పెద్దది.

ప్రదర్శనమున మా పట్టికలో 20, 8 అనియే యుండెను. ప్రక్కన చిన్నసీసాలో ఆ నల్లపొడి నుంచితిమి. బహుమానము వేరొక పాఠశాలకు పోయినది. న్యాయనిర్ణేతలలో ఒకరు మాత్రము మా బల్లయొద్దకు రెండవమారు వచ్చి, సీసాను వెలుగునకెత్తి, ఆ బాలికను చాలసేపు ప్రశ్నలడిగిరి.

ఈ సంవత్సరపు పిల్లలు బొగ్గునకు బదులు స్టీలుచెంచాలు పెట్టుదమనిరి. ఆ లోహములోని క్రోమియము కరిగి నీటిని విషము చేయవచ్చును గనుక నేనొప్పుకొనలేదు. ఇపుడు నికెలు రేకు కొరకు వెదకుచున్నాము.