ఆళ్ళగడ్డలో ఒక డెడ్‌లాక్

నంద్యాల స్టేషన్లో దిగి ఆళ్ళగడ్డ బస్సెక్కానో లేదో ఫోన్ మోగింది. మా నెట్‌వర్క్ కార్డు ఉన్న సర్వర్లలో ఇంటర్‌ఫేస్ డౌన్ చేస్తే ఆ కమాండ్ ఇక తిరిగి రావట్లేదట. ఆ తర్వాత ఏ నెట్‌వర్క్ సెట్టింగు ముట్టుకున్నా అదీ కదలట్లేదట. సెలవు పెట్టినవాడికి ఇంతకన్నా మంచి స్వాగతం ఉంటుందా చెప్పండి!

"ఏమిరా, సెలవని వచ్చి ఆ డబ్బాకే అతుక్కుంటివి?" అంది అమ్మ.

సంగతేంటంటే, లైనక్స్ కెర్నెల్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు మార్చాలంటే ఆర్టీఎన్ఎల్ అనే ఒక పెద్ద తాళం పట్టుకోవాలి. ఇంటర్‌ఫేస్ దించేటప్పుడు కెర్నెల్ ఆ తాళం పట్టుకునే మా డ్రైవర్ని పిలుస్తుంది. కార్డు మొండికేస్తే రీసెట్ చేసే పని ఒకటి వెనకాల నడుస్తుంటుంది. అది ముగిసేదాకా ఆగమని క్యాన్సిల్ వర్క్ సింక్ రాసిన మహానుభావుడు (నేనే లెండి, ఆర్నెల్ల క్రితం) ఆ పని కూడా అదే తాళం అడుగుతుందన్నది మర్చిపోయాడు. వీడు వాడికోసం, వాడు వీడికోసం. రెండూ ఒకే క్షణంలో తగిలితే తప్ప బయటపడదు, అందుకే టెస్టుల్లో దొరకలేదు.

పావుగంటలో సరిచేశా. సింక్ తీసేసి ఉత్త క్యాన్సిల్ పెట్టా. ఇరవైసార్లు అప్, డౌన్. బ్రహ్మాండం. మేనేజరు మెచ్చుకుంటూ మెయిల్ కూడా కొట్టాడు.

రాత్రి మిద్దె మీద పడుకున్నా. పగలు వినిపించే శిల్పుల ఉలి చప్పుడు లేదు, నిద్రా లేదు. మనం ఆగకపోతే ఆ రీసెట్ పని ఏమవుతుంది? డ్రైవర్ని తీసేసి మెమరీ వదిలేశాక, తీరిగ్గా లేచి ఆ మెమరీలోనే రాస్తుంది. అప్పటికది ఇంకెవరిదో! బిగుసుకుపోయిన మెషీన్ కనీసం కళ్ళకి కనిపిస్తుంది. ఇది కనబడకుండా డేటా పాడుచేస్తుంది.

పొగడ్త వచ్చిన నాలుగు గంటలకే "నా ప్యాచ్ తప్పు, వాడకండి" అని అందరికీ రాయాలి. రెండుసార్లు టైపు చేసి చెరిపేశా. మూడోసారి పంపేశా.

అసలు మందు చిన్నదే. సింక్ యథాస్థానంలో పెట్టి, రీసెట్ పనిలో ట్రైలాక్ వాడా. తాళం దొరికితే సరే, లేకపోతే పడిగాపులు కాయకుండా మళ్ళీ వస్తానని వెళ్ళిపోతుంది. చాలా డ్రైవర్లు ఇదే చేస్తాయి.

అన్నట్టు, కెర్నెల్‌లో లాక్‌డెప్ అని ఒకటుంది, 2006లో 2.6.18తో వచ్చింది. డెడ్‌లాక్ నిజంగా జరగక్కర్లేదు, తాళాల వరస చూసి జరగొచ్చని చెప్పేస్తుంది. మా టెస్ట్ కెర్నెల్లో అది ఉంటే స్లో అవుతోందని ఆపిందెవరో వేరే చెప్పాలా? పాత కోడ్ మీద ఆన్ చేసి చూశా. ఒక రీసెట్, ఒక డౌన్, విడివిడిగా చేసినా చాలు, హెచ్చరిక వచ్చేసింది.

పొద్దున ఉగ్గాని బజ్జీ తిని మళ్ళీ నంద్యాల బస్సెక్కా. టెస్టు ఇంకా నడుస్తూనే ఉంది, ఈసారి లాక్‌డెప్‌తో.