పసుపు గడప దాటిన 'రాత్రి'

మా ఆర్మూరు పసుపు ఊరు. మాఘమాసం వచ్చిందంటే చాలు, చుట్టుపక్కల పొలాల్లో పసుపు ఉడికే వాసన ఇళ్ళ దాకా వస్తుంది. పసుపు రాసిన గడపను దయ్యం దాటలేదని మా అమ్మ నమ్మకం. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నేను ఆ నమ్మకాన్ని ఏనాడూ అవుననలేదు, కాదనలేదు. అటువంటి ఇంట్లోకి పోయిన మాఘంలో ఒక శనివారం రాత్రి నేనే ఒక దయ్యాన్ని పిలిచి టీవీలో కూచోబెట్టాను.

దాని పేరు 'రాత్రి'. 1989లో 'శివ', 1991లో 'క్షణక్షణం' తీసిన రాంగోపాల్ వర్మే 1992లో దీన్నీ తీశాడు. హిందీలో 'రాత్' అన్నారు. కథానాయిక రేవతి. ఆ రెండు చిత్రాలనూ తలవనివారు లేరు. దీన్ని తలిచేవారు తక్కువ. నాకు మాత్రం ఇది వాటికి ఏమీ తీసిపోదనిపిస్తుంది.

దయ్యం సినిమా అనగానే తెల్లచీరె, విరబోసిన జుట్టు మన కళ్ళముందు ఆడతాయి. ఇక్కడ వాటికోసం వెతక్కండి. మనవంటి ఒక కుటుంబం కొత్త ఇంట్లో దిగుతుంది. కారు కింద పడి ఒక పిల్లి చస్తుంది. అంతే! అక్కడినుంచి ఆ ఇంటి ఆడపిల్ల తీరు మారిపోతూ వస్తుంది. ఎవరో వెంటబడి వస్తున్నట్టు కెమెరా కదులుతుంది. వచ్చేదెవరో మాత్రం చూపించదు. చూపించకపోవటంలోనే ఉంది భయమంతా. సినిమాహాలులో జరిగే ఘట్టం ఒకటుంది. అది నేను చెప్పకూడదు, మీరు చూడాలి.

"దీపాలు పెట్టినంక గిదేం సినిమారా?" అంటూనే మా అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

పిల్లకు వచ్చినది మనోవ్యాధి అంటాడు డాక్టరు; ఆ వేషం అనంత్‌నాగ్‌ది. కాదు, వేరే సంగతి అంటాడు మాంత్రికుడు ఓంపురి. పెద్దలంతా ఇలా తర్జనభర్జనలు పడుతుండగా, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి మెల్లిగా అంది:

"అందరూ ఆ పిల్ల గురించి మాట్లాడేవాళ్ళే నాన్నా. ఆ పిల్లనెవరూ అడగరేం?"

నాకు చురుక్కుమంది. నెల కిందట అర్ధరాత్రి తను నా మంచం దగ్గరకు వచ్చి, నిద్ర పట్టడం లేదనీ, గుండె దడగా ఉందనీ చెప్పింది. "పరీక్షల ముందు అందరికీ అంతేనమ్మా, పోయి పడుకో" అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు - తనూ, నేనూ.

సినిమా ఆపేశాను. "ఇంకా నిద్ర పట్టడం లేదా తల్లీ?" అన్నాను. కాసేపు నేలకేసి చూసి, తల ఊపింది. ఆ రాత్రి రెండింటిదాకా తను చెబుతూనే ఉంది. నేను వింటూ కూచున్నాను. సోమవారం నిజామాబాదులో డాక్టరుకు చూపించాం. ఇప్పుడు కాస్త కుదుటపడింది.

సినిమాలో డాక్టరు మాట నెగ్గిందో, మాంత్రికుడి మాట నెగ్గిందో చెప్పను. మరీ చిన్నపిల్లల్ని పడుకోబెట్టి, ఎదిగిన పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని చూడండి. మధ్యలో వాళ్ళేమైనా అంటే ఆపి వినండి. సినిమా ఎక్కడికీ పోదు.

మిగతా సగం మేము మర్నాడు పట్టపగలు చూశాం. అప్పటికే మా అమ్మ గడపకు ఇంకోమారు పసుపు రాసింది. ఈసారి గిన్నె పట్టుకుని నిలబడింది నేనే.