2022 సినిమాల్లో మాకు నచ్చినవి, గుచ్చుకున్నది

2022 సినిమాల్లో మా హాస్టల్ వాళ్లం మళ్లీ మళ్లీ చూసేవి మూడు.

'కాంతార'లో ఫారెస్టోళ్లు హద్దులు పెడుతుంటే మాకు మా పోడు చేలే కనిపించినయ్. 'విరాట పర్వం'లో, కవితలు చదివి ఇల్లు విడిచిన వెన్నెలను మర్చిపోలేం.

'ఆర్ఆర్ఆర్'లో ఎన్టీఆర్ భీమ్‌గా వస్తే ఈలలే ఈలలు. కానీ చివర్లో భీమ్, రామరాజును చదువు అడిగే సీన్ దగ్గర మాకు చప్పట్లు రావు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన అసలు కొమురం భీమ్ చదవడం, రాయడం నేర్చినోడే. మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చింది మేమే మొదలు. మనోళ్లకు అక్షరం ఎవరో పెట్టిన భిక్ష అన్నట్టు చూపిస్తే బాధైతది. సినిమా చూసిన తమ్ముళ్లు అదే నిజమనుకుంటరు.

మీ ఊర్లల్ల పెద్దోళ్లు చెప్పే భీమ్ ముచ్చట్లుంటే కింద రాయండి. వాళ్లకు అవి చదివి వినిపిస్తం.