మా వరండాలోని ఎడారి గులాబీలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేయగానే మా హాస్టల్ వరండా మెట్లకు అటొకటి ఇటొకటి ఉండే సిమెంటు కుండీలు నా కళ్లముందు మెదిలాయి. వాటిలో ఒక మొక్కను చంపింది నేనే. ఆ సంగతి ఇన్నేళ్లకు రాస్తున్నాను.

2005 జూన్‌లో మా వార్డెన్ సార్ హైదరాబాద్ నుంచి రెండు అడీనియం మొక్కలు తెచ్చారు. మొదలు ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటుంది, పైన గులాబీ రంగు పూలు. ఎడారి గులాబీ అంటారని చెప్పారు. ఆఫ్రికా, అరేబియా ఎండల్లో పెరిగే మొక్క అట. నీళ్లు పోసే పని తొమ్మిదో తరగతిలో ఉన్న నాకూ, నా ట్రంకు పెట్టె పక్కనే పెట్టె ఉన్న మిత్రుడికీ అప్పజెప్పారు. వాడి పేరు రాయను. ఇది చదివితే వాడికే తెలుస్తుంది.

ఆ దసరా సెలవుల్లో వాళ్ల నాయిన చనిపోయాడు. తిరిగొచ్చాక వాడు మాట్లాడటం తగ్గించేశాడు. స్టడీ అవర్‌లో లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు. అన్నం సగం వదిలేసేవాడు.

డిసెంబర్ వచ్చింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా చలి ఎట్లా ఉంటుందో తెల్లవారుజామున నీళ్ల తొట్టి దగ్గర వణికిన వాళ్లందరికీ తెలుసు. మొక్కల ఆకులు పసుపుబారి రాలిపోయాయి. రెండూ ఎండు కట్టెల్లా నిలబడ్డాయి. నెలాఖరున నాలుగు రోజులు బాగా ఎండ కాసింది. ఎడమ కుండీలోని మొక్కకు ఒక్క ఆకైనా లేదు గానీ మూడు పూలు విచ్చాయి! హాస్టలంతా చూడటానికి వచ్చింది.

అదే వారం అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు చెప్పారు. లెక్కల్లో క్లాస్ ఫస్ట్ మా వాడే. ఇక చూడండి, వీడు జిల్లా ఫస్ట్ వస్తాడని ఒకరు, స్కూలు పేరు నిలబెట్టాలని ఒకరు. నేనేమో నాలుగింటికే లేపి చదివించాను. ఆ మొక్కకు కూడా పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ నీళ్లు పోశాను, పెంట ఎరువు వేశాను. పూలు పూసింది కదా, బలం కావాలనుకున్నాను. మా కామాటి పెద్దమ్మ చూసి, "నిద్రపోయేదాని నోట్లె బువ్వ పెడ్తున్నవా బిడ్డా?" అంది. నేను నవ్వేశాను.

సంక్రాంతి సెలవులయ్యాక వాడు తిరిగి రాలేదు. మొక్క మొదలు నొక్కితే వేలు లోపలికి దిగింది. జీవశాస్త్రం సార్ దాన్ని పెకిలించి కత్తితో కోశారు. లోపలంతా గోధుమరంగు ముద్ద, ఒకటే కంపు. "ఆకులుంటే బాష్పోత్సేకం జరుగుతుంది, వేర్లు నీళ్లు లాగుతాయి. ఆకుల్లేని చలికాలంలో నువ్వు పోసిన నీళ్లన్నీ మట్టిలోనే నిలిచి వేరు కుళ్లింది. పువ్వు పూసింది దాచుకున్న నీళ్లతోరా, లేచి కాదు" అన్నారు.

ఆ ఆదివారం పర్మిషన్ తీసుకుని వాడి ఊరికి పోయాను. చదువు మాట ఎత్తలేదు. వాళ్లమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, సాయంత్రం దాకా వాడితో చేనులో పత్తి ఏరాను. బస్సు ఎక్కేముందు వాడే అన్నాడు. "నాయిన యాదికొచ్చినప్పుడల్లా లెక్కలు చేసేటోణ్ణి రా. ఇంకేం చేయాల్నో తెల్వకపాయె. అందరు మార్కులే చూసిన్రు." నాకు నోట మాట రాలేదు.

మిగిలిన మొక్కను సార్ చెప్పినట్టు చూసుకున్నాను. మంచు పడకుండా, ఎండ తగిలే గోడ పక్కకు జరిపాను. ఎరువు వేయలేదు, కుండీ మార్చలేదు, కొమ్మ కత్తిరించలేదు. వారానికోసారి మొదలు నొక్కి చూసేవాణ్ణి. గట్టిగా ఉంటే నీళ్లు లేవు. ముడతపడితేనే ఒక గ్లాసు. జనవరి చివర దానికీ ఒక పువ్వు పూసింది. చూసి ఊరుకున్నాను. అదే వాడి రాలిపోయింది.

శివరాత్రి వెళ్లాక దానికి చిగుళ్లు వచ్చాయి. అప్పటినుంచి నీళ్లు కొద్దికొద్దిగా పెంచాను. ఆ రోజుల్లోనే వాడు పెట్టె నెత్తిన పెట్టుకుని గేటు దగ్గర కనిపించాడు. ఎవరం ఏమీ అడగలేదు. పెద్దమ్మ పళ్లెంలో అన్నం పెట్టింది. వార్షిక పరీక్షల్లో అత్తెసరు మార్కులతో పాసయ్యాడు. ఈరోజు వాడు లైన్‌మన్, ఇద్దరు పిల్లల తండ్రి.

నా డాబా మీద ఇప్పుడు ఆరు అడీనియం మొక్కలున్నాయి. పెంచాలనుకునే తమ్ముళ్లకు రెండు మాటలు. మట్టిలో ఇసుక, సన్న కంకర ఎక్కువ కలపండి, కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. కొమ్మ విరిగితే కారే పాలు విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. చేతులు కడుక్కోవడం మరవద్దు.

చివరగా ఒక మాట. మీ పక్క పెట్టెవాడు చలికాలంలో పువ్వు పూస్తే సంతోషించండి. బకెట్ మాత్రం ఎత్తకండి. ముందు మొదలు నొక్కి చూడండి.

– ఒక పూర్వ విద్యార్థి, 2007 పదో తరగతి బ్యాచ్